జీటీఏ 6 పీఎస్4కి ఎందుకు లేదు? ఏ కన్సోల్‌కి ఇవ్వాలో గేమ్ కంపెనీలు దేన్ని చూసి తేలుస్తాయి?

బరంపురం గేమ్‌షాపు

అందరికీ నమస్కారం. బరంపురం పాత బస్టాండు దగ్గర నాకు చిన్న గేమ్ షాపు ఉంది. మూడు టీవీలు, వాటికి తగిలించి ఆడే సోనీ కన్సోల్‌లు (గేమ్ మెషీన్లు) పీఎస్4లు మూడు, గంటకి నలభై రూపాయలు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా కుర్చీ ఖాళీ ఉండదు. తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు కలిసే ఆడతారు. ఈమధ్య అందరూ అడిగేది ఒక్కటే: "అన్నయ్యా, జీటీఏ 6 ఎప్పుడు పెడతావు?"

జీటీఏ అంటే గ్రాండ్ థెఫ్ట్ ఆటో. దాన్ని తయారుచేసే రాక్‌స్టార్ కంపెనీ ఈ కొత్త గేమ్‌ని సోనీ కొత్త మెషీన్ పీఎస్5కి, మైక్రోసాఫ్ట్ మెషీన్లు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకి మాత్రమే ప్రకటించింది. పీఎస్4 ఊసే లేదు. ప్రపంచంలో పీఎస్4లు 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఇదే కంపెనీ జీటీఏ 5ని 2013లో అప్పటి మెషీన్లు పీఎస్3కి, ఎక్స్‌బాక్స్ 360కి ఇచ్చింది. 2014లో పీఎస్4కి, 2022లో పీఎస్5కి మళ్లీ అమ్మింది. ఇన్నేళ్లు ఆ గేమ్‌ని మోసింది పీఎస్4 కొన్నవాళ్లే కదా. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు ఇప్పుడు వాళ్లని వదిలేశారు.

కొత్త మెషీన్ కొనిపించడానికే ఇదంతా చేస్తున్నారని నా నమ్మకం. కాదంటే ఎందుకు కాదో చెప్పండి, వింటాను.

పర్లాకిమిడి టెస్టర్

అన్నయ్యా, మాది పర్లాకిమిడి. హైదరాబాద్‌లో ఆరేళ్లు గేమ్ టెస్టింగ్ చేశాను. మీ బాధ అర్థమైంది కానీ తప్పు మనిషిని పట్టుకున్నారు. పీఎస్5 అమ్ముడైతే డబ్బు సోనీకి వస్తుంది, రాక్‌స్టార్‌కి పైసా రాదు. పైగా సోనీ స్టోర్‌లో గేమ్ అమ్మితే మామూలుగా నూటికి ముప్పై సోనీయే తీసుకుంటుంది. మెషీన్ కొనిపించాలన్న ఆత్రం ఉంటే అది సోనీ సొంత గేముల్లో కనబడాలి. స్పైడర్‌మ్యాన్ 2 పీఎస్4కి ఇవ్వలేదు, నిజమే. కానీ 2022లో గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌ని పీఎస్4కి కూడా ఇచ్చింది ఆ సోనీయే.

ఇక 11 కోట్ల లెక్క. అది ఇప్పటిదాకా అమ్మిన మెషీన్ల సంఖ్య. గేమ్ కంపెనీ అడిగేది వేరు: ఈ మెషీన్ ఉన్నవాళ్లలో ఎంతమంది ఇంకా పూర్తి ధర పెట్టి కొత్త గేమ్ కొంటున్నారు? ఏ రకం గేమ్ కొంటున్నారు? ఫుట్‌బాల్ చూడండి. ఈఏ అనే కంపెనీ 2025లో తెచ్చిన ఫుట్‌బాల్ గేమ్ ఈఏ ఎఫ్‌సీ 26 పీఎస్4కి కూడా వచ్చింది. అదే ఏడాది తుపాకుల గేమ్ కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 7 కూడా. పీఎస్4 పుట్టి అప్పటికి పన్నెండేళ్లు. ప్రతి ఏడాదీ ఆ గేమే కొనేవాళ్లు పాత మెషీన్ మీద ఇంకా ఉన్నారు, అందుకే ఇచ్చారు. అభిమానంతో కాదు, అసూయతోనూ కాదు.

చాలామందికి తెలియనిది టెస్టింగ్ ఖర్చు. ఒక గేమ్‌కి ఇంకో కన్సోల్ చేర్చామంటే మా పని దాదాపు ఇంకో రెట్టు పెరిగినట్టే. కన్సోల్ కంపెనీకి ఒక నియమాల పుస్తకం ఉంటుంది. అందులో ఉన్నవన్నీ పాసైతేనే గేమ్ అమ్మకానికి వెళ్తుంది. గేమ్ సేవ్ అవుతూ తెర మూలన చక్రం తిరుగుతుంటుంది చూడండి, సరిగ్గా అప్పుడు నేను కంట్రోలర్ వైరు పీకాలి. మళ్లీ పెట్టాలి. ఈసారి పవర్ తీసేయాలి. ఆన్ చేసి పాత సేవ్ చెడిపోయిందా చూడాలి. డిస్కు నిండిపోయినప్పుడు ఏం మెసేజ్ వస్తుందో, ఆట మధ్యలో ఇంకో ప్రొఫైల్‌లోకి మారితే ఎవరి స్కోరు ఎవరికి పోతుందో చూడాలి. ఇలాంటివి వందల్లో ఉంటాయి. మెషీన్‌కి మెషీన్‌కి నియమాలు వేరు. ఒక్క రాత్రి షిఫ్టులో నేను కంట్రోలర్ రెండు వందలసార్లు పీకిన రోజులున్నాయి. ఏదైనా ఫెయిలైతే సరిచేసి మళ్లీ మొదటినుంచి. ఆ తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌కీ ఇదే తంతు.

జీటీఏ 6 విషయంలో ఇంకో అడ్డుగోడ ఉంది. పీఎస్4లో పాతకాలం హార్డ్‌డిస్కు. సెకనుకి 50 నుంచి 100 ఎంబీ చదివితే గొప్ప. పీఎస్5లో ఉండే కొత్తరకం డిస్కు ఎస్‌ఎస్‌డీ సెకనుకి 5.5 జీబీ చదువుతుంది. మెమరీ ఇక్కడ 8 జీబీ, అక్కడ 16. ఊరంతా కళ్లముందు ఒకేసారి తెరుచుకునే గేమ్‌ని పీఎస్4కి కుదించాలంటే ఊరినే చిన్నది చేయాలి. అప్పుడు పీఎస్5 వాళ్లకీ ఆ చిన్న ఊరే దక్కుతుంది.

రాయగడ

ఆ కుదించే పని సరిగా చేయకపోతే ఏమవుతుందో సైబర్‌పంక్ 2077 అనే గేమ్‌తో ప్రపంచమంతా చూసింది. 2020 డిసెంబరు 10న విడుదల. పీఎస్4లో ఎంత అధ్వానంగా ఉందంటే, వారం తిరగ్గానే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బులు వెనక్కిస్తామంది. 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. గేమ్ రాకపోతే నాలుగు రోజులు బాధపడతాం. అలా వస్తే కొన్న డబ్బూ పోతుంది, ఆడాలన్న ఆశా పోతుంది. అందుకే పీఎస్4కి ఇవ్వకపోవడమే మేలని నా ఓటు.

సిరోంచ పోరడు

అన్నలూ, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ నుంచి రాస్తున్నా. టెస్టర్ అన్న చెప్పిన లెక్కలో ఒక పెద్ద లోపముంది.

మా ఊరికి అవతల గోదావరి, దాటితే కాళేశ్వరం. వంతెన లేని రోజుల్లో పడవలే దిక్కు. అప్పుడు ఎవరైనా ఒడ్డున కూర్చొని "రోజుకు ఎన్ని లారీలు దాటుతున్నయ్?" అని లెక్కబెడితే సున్నా వచ్చేది. ఆ సున్నా చూసి వంతెన అక్కర్లేదని రాసేస్తే? వంతెన పడ్డాకనే మిర్చి బస్తాలు, బస్సులు, పెళ్లి బండ్లు అన్నీ దాటినయ్. ఇప్పుడు మా అమ్మ మందుల కోసం పొద్దున అవతలికి పోయి అన్నం వేళకు ఇంటికొస్తుంది.

గేమ్ కంపెనీలు చేసేది ఒడ్డున కూర్చొని లెక్కబెట్టడమే. నింటెండో కంపెనీ కన్సోల్ వీ యూ చూడండి. 2012లో వచ్చింది. దానికి ఫిఫా 13 ఫుట్‌బాల్ గేమ్ ఇచ్చిన ఈఏ మరుసటి ఏడాదే మానేసింది. మిగతావాళ్లూ జారుకున్నారు. గేములు లేవని జనం కొనలేదు, జనం కొనలేదని గేములు రాలేదు. చెట్టు ముందా విత్తు ముందా! చివరికి కోటీ ముప్పై అయిదు లక్షల దగ్గర ఆగిపోయింది.

మన దేశం సంగతే తీసుకోండి. ఈఏ వాళ్ల క్రికెట్ 07 ఆడనివాడు మా వయసులో లేడు. 2006లో పీసీకి, పీఎస్2కి ఇచ్చారు. అప్పటికే ఎక్స్‌బాక్స్ 360 బజార్లో ఉంది, పీఎస్3 వస్తోంది. వాటికి ఇవ్వలేదు. ఆ తర్వాత ఈఏ నుంచి కన్సోల్‌కి క్రికెట్టే లేదు. క్రికెట్ కోసం ప్రాణమిచ్చే దేశం ఇంత పెద్దది ఉండగా! పిల్లలు ఏళ్ల తరబడి అదే పాత గేమ్‌లో జట్ల పేర్లు మార్చుకుంటూ ఆడారు. ఆకలి లేక కాదన్నా, వడ్డించేవాడు లేక.

బరంపురం గేమ్‌షాపు

సిరోంచ తమ్ముడు నా మనసులో మాట చెప్పాడు. దానికి నాదొకటి చేరుస్తాను.

నా దగ్గరున్న ఫుట్‌బాల్ డిస్కు ఒకటి. దాన్ని ఈ మూడేళ్లలో ఎంతమంది ఆడారో నాకే లెక్క లేదు, ఆరేడు వందలకి తక్కువ ఉండరు. కంపెనీ పుస్తకంలో మాత్రం ఒక డిస్కు, ఒక అకౌంటు, ఒక మనిషి. మా ఊళ్లో తెలుగు సినిమా వేసే హాలువాడికి టికెట్ల లెక్క ఉంటుంది. బయ్యర్ ఆ లెక్క చూసి తర్వాతి సినిమాకి బరంపురంలో ఇంకో హాలు కలుపుతాడు. ఒడిశాలో ఉన్నామని మమ్మల్ని వదిలెయ్యడు. గేమ్ కంపెనీకి నా షాపులో కూర్చున్న పిల్లాడు కనబడడు. కనబడనివాడి కోసం ఎవరు ఖర్చు పెడతారు?

జయపురం కోడర్

నమస్తే. కోరాపుట్ జిల్లా జయపురం. నేనూ మా స్నేహితురాలూ యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చిన్న గేమ్ ఒకటి రెండేళ్లుగా చేస్తున్నాం, అందుకే ఈ చర్చ నాకు వట్టి వాదన కాదు. "ఇప్పటి ఇంజిన్లలో బటన్ నొక్కితే అన్ని కన్సోల్‌లకీ గేమ్ తయారు" అని బయట చాలామంది అంటారు. తయారవుతుంది, కానీ నడవదు. మా గేమ్ కంప్యూటర్‌లో హాయిగా నడిచింది. 4 జీబీ మెమరీ ఉండే నింటెండో కన్సోల్ స్విచ్ కోసం అంచనా వేస్తే ఒక్క అడవి సీన్ బొమ్మలకే సగానికి పైగా కావాలి. ఆ అడవిని మా అమ్మమ్మ వాళ్ల ఊరి దారి చూసి గీశాం. చెట్లు తగ్గించడానికి చెయ్యి రావట్లేదు.

అన్నయ్యగారూ, కంపెనీలు సొంత దేశం జనాన్ని చూసి కూడా నిర్ణయించవు. పుణె వాళ్ల రాజీ గేమ్ గుర్తుందా? మన పురాణాల కథ, రాజస్థాన్ కోటలు, మన అమ్మాయి నాయిక. 2020 ఆగస్టులో అది మొదట వచ్చింది నింటెండో స్విచ్ మీద. ఆ స్విచ్‌ని నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మనే లేదు! మన గేమ్, మనకంటే ముందు బయటివాళ్లు ఆడారు. పీసీకి, పీఎస్4కి, ఎక్స్‌బాక్స్‌కి అక్టోబరులో వచ్చింది. మొదట నాకు కోపమొచ్చింది. ఇప్పుడు నా గేమ్‌కి నేనే లెక్క వేసుకుంటుంటే కోపం రావట్లేదు. చిన్న గేమ్ డబ్బు పెట్టి కొనేవాళ్లు ఆ మెషీన్ మీద ఎక్కువ.

మేం మొదట పీసీకే ఇస్తున్నాం. ఇద్దరమే ఉన్నాం, రెండో మెషీన్‌ని పరీక్షించే ఓపిక, డబ్బు రెండూ లేవు.

పర్లాకిమిడి టెస్టర్

సిరోంచ తమ్ముడూ, వంతెన మాట నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. క్రికెట్ విషయంలో నీదే నిజం, ఒప్పుకుంటున్నాను. ఆ ఖాళీని తర్వాత ఆస్ట్రేలియా కంపెనీ బిగ్ యాంట్ పట్టుకుంది. 2023లో క్రికెట్ 24ని పీఎస్4, పీఎస్5, రెండు తరాల ఎక్స్‌బాక్స్, పీసీ అన్నిటికీ ఇచ్చింది. ఆకలి ఉందని నమ్మినవాడు పాత మెషీన్‌ని వదల్లేదు.

కానీ వంతెన కట్టింది ప్రభుత్వం, బస్సు వేసింది డిపో. కన్సోల్ కంపెనీ వంతెన కట్టాలి, గేమ్ కంపెనీ బస్సు. వీ యూ తర్వాత నింటెండో 2017లో స్విచ్ తెచ్చినప్పుడు ఎవరి కోసమూ ఆగలేదు. తన సొంత జెల్డా గేమ్‌ని మొదటి రోజే ఇచ్చింది. జనం కొన్నారు. ఈఏ అదే ఏడాది ఫిఫా 18 పట్టుకుని తిరిగొచ్చింది. స్విచ్ 15 కోట్లు దాటింది. బస్సువాడిని ముందు నది దాటమంటే మునిగేది వాడే.

కన్సోల్ కంపెనీ పెట్టే షరతులు కూడా మరిచిపోవద్దు. బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్ పీఎస్5కి 2023 సెప్టెంబరులో వచ్చింది. ఎక్స్‌బాక్స్ వాళ్లు డిసెంబరు దాకా చూడాల్సి వచ్చింది. కారణం ఒక్కటే: ఒకే టీవీలో ఇద్దరు ఆడే సౌకర్యం ఎక్స్‌బాక్స్‌లలో చిన్నదైన, 10 జీబీ మెమరీ ఉన్న సిరీస్ ఎస్‌లో కుదరలేదు. పెద్ద మెషీన్ సిరీస్ ఎక్స్‌కి ఏముందో చిన్నదానికీ అదే ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. చివరికి సిరీస్ ఎస్‌లో ఆ ఒక్కటి లేకపోయినా ఫర్వాలేదని మైక్రోసాఫ్ట్ సడలించాకే గేమ్ బయటికొచ్చింది. మంచి ఉద్దేశంతో పెట్టిన నియమమే, చిన్న మెషీన్ కొన్న పేదవాడికి అన్యాయం జరగకూడదని. దానివల్లే అందరికీ ఆలస్యమైంది.

సిరోంచ పోరడు

బస్సు, వంతెన వేరని ఒప్పుకుంటా అన్నా. కానీ గేమ్ షాపులో ఆడే పిల్లల లెక్క ఎవరి దగ్గరా లేదన్న మాటకు మీరు జవాబు చెప్పలేదు.

పర్లాకిమిడి టెస్టర్

చెప్పలేదు, ఎందుకంటే నా దగ్గర లేదు. నేను పనిచేసినన్నాళ్లూ మాకు వచ్చిన కాగితాల్లో అకౌంట్లే ఉండేవి, కుర్చీలు ఉండేవి కావు. అన్నయ్య అడిగింది న్యాయమైన ప్రశ్న.

బరంపురం గేమ్‌షాపు

అందరికీ కృతజ్ఞతలు. రాక్‌స్టార్ మీద కోపం సగం తగ్గింది. సగం ఉంది.

మూడింటిలో ఒక పీఎస్4 అమ్మేసి, సెకండ్ హ్యాండ్‌లో పీఎస్5 ఒకటి చూస్తున్నాను. డిస్కు పెట్టేదే కావాలి, డిస్కు లేనిదైతే నా పాత గేమ్ డిస్కులు వాడటానికీ ఉండదు, సెకండ్ హ్యాండ్ డిస్కులు కొనడానికీ ఉండదు. గంటకి అరవై చేయాలేమో, ఆ మాట పిల్లలకి ఎలా చెప్పాలా అన్నదే టెన్షన్. మిగతా రెండు పీఎస్4ల్లో ఫుట్‌బాల్ నడుస్తూనే ఉంటుంది. జయపురం చెల్లెమ్మా, నీ గేమ్ వచ్చిన రోజు చెప్పు. షాపులో ఒక పాత కంప్యూటర్ ఉంది, దానిలో వేస్తాను. ఎంతమంది కూర్చున్నారో నోటు పుస్తకంలో రాసి నెలాఖరుకి నీకు పంపుతాను.