అప్‌డేట్: తాత ఉత్తరాల మీది డిలైల్ రోడ్ దొరికింది

మా తాత సిరిసిల్ల నుంచి బొంబాయి మిల్లుకు పోయి, ఇంటికి రాసిన ఉత్తరాల మీద ‘డిలైల్ రోడ్, బొంబాయి-13’ అని ఉంటుందనీ, మ్యాపులో ఆ పేరు కనబడటం లేదనీ అడిగాను కదా. దొరికింది. మీలో ఒకరు అన్నట్టే పేరు మారింది. ఇప్పుడది ఎన్.ఎం. జోషి మార్గ్. జోషి అంటే కార్మిక నాయకుడు నారాయణ్ మల్హార్ జోషి. ఆ 13 ఇప్పుడు పిన్‌కోడ్ 400013 అయింది, అంతే!

పోయిన నెల వెళ్లొచ్చాను. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లు (ఒంటిగది ఇళ్ల బిల్డింగులు) అక్కడే. కింది అంతస్తు, దాని మీద మూడంతస్తులు, ఒక్కో బిల్డింగులో 80 గదులు, గది 160 చదరపు అడుగులు. అంత గదిలో షిఫ్టుల వారీగా పడుకునేవాళ్లట: ఒకరు డ్యూటీకి లేస్తే అదే చాప మీద ఇంకొకరు. మా నానమ్మ ఒక్కసారి కూడా అక్కడికి ఎందుకు పోలేదో అప్పుడు అర్థమైంది. తిండి ఖానావళిలో (మెస్సులో), నెలకింత అని కట్టి.

మథురాదాస్ మిల్లు కాంపౌండులో ఇప్పుడు ఆఫీసులు, బార్లు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను భోంగా (మిల్లు సైరన్) గురించి అడిగితే నవ్వాడు.

తాత చివరి ఉత్తరం 1982 ఫిబ్రవరిది. యూనియన్ నాయకుడు దత్తా సామంత్ నడిపిన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది ఆ జనవరి 18న. ‘పైసలు పంపలేను, మగ్గం అమ్మకండి’ అని రాశాడు.