కామన్ ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’: గొప్పతనం మాటదా, వాయిద్యానిదా?

బెజవాడ_బూమ్‌బాక్స్:
ముందే చెప్తున్నా, తిట్టాలనుకుంటే తిట్టండి. షికాగో ర్యాపర్ కామన్ 2000 మార్చిలో తెచ్చిన ఈ ఆల్బమ్‌ని కాన్షస్ హిప్‌హాప్‌కి పెద్దబాలశిక్షలా చూస్తారు కదా (కాన్షస్ అంటే సమాజం గురించి ఆలోచింపజేసే ర్యాప్). నిన్న సికింద్రాబాద్‌లో రైలెక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 16 ట్రాకులూ వరసగా విన్నా, ఒక్కటి కూడా దాటెయ్యలేదు. తీరా చూస్తే గుర్తున్నది డ్రమ్స్, బేసు, ఆ ట్రంపెట్ అంతే, కామన్ ఏం చెప్పాడో ఖాజీపేట దాటేసరికే మర్చిపోయా. నన్నడిగితే ఇది కామన్ పేరు పెట్టుకుని వచ్చిన, బీట్లు కట్టే జే డిల్లా ఆల్బమ్. మైకు దగ్గర ఎవర్ని నిలబెట్టినా ఇలాగే ఉండేది. కాదంటారా?

రాత్రిపూట_రేడియో:
ఏంది భాయ్ గట్లంటవ్. ‘ద లైట్’ పాట తీస్కో. బాబీ కాల్డ్‌వెల్ పాట ముక్క పట్టుకొచ్చి బీట్ కట్టింది డిల్లానే, ఒప్పుకుంట. గని ఆ బీట్ మీద గొంతు లేపకుండ, నిమ్మళంగ, ఎదురుంగ కూసొని ముచ్చట పెట్టినట్టు ప్రేమ ఉత్తరం చదివింది ఎవలు? గదే బీట్ ఒర్రేటోనికి ఇచ్చి చూడు, రెండో చరణంకే చెవులు మూసుకుంటవ్. మర్చిపోయిన్నంటే నువ్వు నిద్రవోయినవ్, గాయన తప్పు కాదు.

బెజవాడ_బూమ్‌బాక్స్:
నిద్రపోలేదు బ్రో, పక్క సీటాయన పల్లీలు తింటుంటే ఎలా నిద్రపడుతుంది 😂 ‘ద లైట్’ ఒక్కటీ వదిలేయ్, మిగతా 15 సంగతి చెప్పు.

డోలు_మనవడు:
గురూ నేను కొంచెం పెద్దగా రాస్తా, ఓపికుంటే చదవండి. మా తాత పెళ్ళిళ్ళకి డోలు వాయించేవాడు, ఆయన పక్కన కూర్చుని తాళం వేస్తూ పెరిగినోణ్ణి. ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది, వీడెవడ్రా లయ తెలీనోడు అనుకున్నా. ఎందుకంటే డిల్లా డ్రమ్ మెషిన్ మీద వేళ్ళతో కొట్టి రికార్డ్ చేసేవాడు, కొట్టినదాన్ని గడియారంలా సరిచేసే సెట్టింగ్ ఒకటుంటుంది, చాలా చోట్ల దాన్ని ముట్టుకునేవాడు కాదు. అందుకే దెబ్బ పడాల్సిన చోట పడదు, వెంట్రుకవాసి వెనక పడుతుంది. మూడు నాలుగుసార్లు విన్నాక అర్థమైంది అది తాళం తప్పడం కాదని. మా తాత ఊరేగింపులో అలిసిపోయినట్టు నటిస్తూ దెబ్బని వెనక్కి లాగి పట్టేవాడు, జనం ఆ లాగుడికే ఊగేవాళ్ళు, ఇదీ అదే. అసలు సంగతేంటంటే అలాంటి బీట్ మీద మాట పెట్టడం మామూలు విషయం కాదు. ర్యాపర్ గడియారాన్ని పట్టుకుంటే బీట్ నుంచి జారిపోతాడు, బీటుని పట్టుకుంటే నత్తిలా వినపడుతుంది. కామన్ ఆ రెంటి మధ్యలో నడిచాడు. ‘ఎవర్ని నిలబెట్టినా’ అన్నది నేనొప్పుకోను. అలాగని డిల్లా ఆల్బమ్ అన్నా ఒప్పుకోను. ‘ద సిక్స్త్ సెన్స్’ పాటకి బీట్ చేసింది డీజే ప్రీమియర్, అది డిల్లా లెక్కలో రాదు. క్వెస్ట్‌లవ్ డ్రమ్స్, జేమ్స్ పాయ్జర్ కీబోర్డు, రాయ్ హార్‌గ్రోవ్ ట్రంపెట్ వేరే.

ట్రంపెట్_పిచ్చి:
రాయ్ హార్‌గ్రోవ్ పేరు ఎవరూ ఎత్తకపోతే లాగౌట్ అయిపోదామనుకున్నా. థాంక్స్ అన్నా.

ఇంటర్వెల్_తర్వాత:
నాదో డౌట్ అండి. దీన్ని జాజ్ జాజ్ అంటారు, జాజ్ ఎక్కడుందసలు? ‘థెలోనియస్’ అని పాటకి పేరు పెడితే జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మాంక్ వచ్చి పియానో వాయించినట్టా? మొదటి పాటే నైజీరియా ఆఫ్రోబీట్ సంగీతకారుడు ఫేలా కూటీకి నివాళి, అందులో ఆయన కొడుకు ఫెమీ కూడా ఉన్నాడు. ‘హీట్’లో శాంపిల్, అంటే వాడుకున్న పాత పాట ముక్క, టోనీ అలెన్‌ది, ఆయన ఫేలా దగ్గర డ్రమ్మర్. ఇది ఆఫ్రోబీట్ అండి, మిగతాది ఫంకూ సోలూ. ట్రంపెట్ కనపడగానే జాజ్ అనేస్తే మన పెళ్ళి బ్యాండ్‌మేళం కూడా జాజే 🙏

ట్రంపెట్_పిచ్చి:
అన్నా మాంక్ రాలేదు గానీ పద్ధతి వచ్చింది. ఆ టైములో న్యూయార్క్ ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో, అదే గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ కట్టించింది, అక్కడ ఒక గదిలో సోల్ సింగర్ డి‌ఆంజెలో ‘వూడూ’ ఆల్బమ్, ఇంకో గదిలో సింగర్ ఎరికా బాడూ, మరో గదిలో కామన్, వాయించేవాళ్ళు మాత్రం అన్నిట్లో ఒకళ్ళే, ఈ గదిలోంచి ఆ గదిలోకి. ఒకళ్ళు మొదలెడితే ఇంకొకళ్ళు అందుకోవడం, రాసుకున్నది పక్కన పెట్టి పక్కవాణ్ణి వింటూ వాయించడం, జాజ్ అంటే అదేగా. శైలి కాదు, ఆ అలవాటు.

ఇంటర్వెల్_తర్వాత:
హ్మ్. సగం ఒప్పుకున్నా.

షికాగో_చలి:
పదకొండేళ్ళుగా కామన్ ఊళ్ళోనే ఉంటున్నా కాబట్టి నాకూ కొంచెం హక్కుందనుకుంటా 🙂 మీరంతా బీటు, మాట, ట్రంపెట్ అని కొట్టుకుంటున్నారు గానీ అట్ట మీద బొమ్మ చూశారా ఎవరైనా? అది 1956లో అలబామాలో గోర్డన్ పార్క్స్ తీసిన ఫొటో. ‘కలర్డ్ ఓన్లీ’ అని రాసున్న కుళాయి దగ్గర నల్లజాతి వాళ్ళు నీళ్ళు తాగుతుంటారు, ఆ పక్కనే తెల్లవాళ్ళకి వేరే కుళాయి. నేను ప్రకాశం జిల్లాలో పెరిగా, మా ఊరి టీకొట్టులో మా పేటవాళ్ళ గ్లాసులు బయట చూరుకింద విడిగా ఉండేవి, తాగాక మేమే కడిగి పెట్టాలి. ఆ ఫొటోకి ఎవరూ నాకు అర్థం చెప్పక్కర్లేకపోయింది. ఆ బొమ్మతో మొదలుపెట్టి, నల్లజాతి హక్కుల ఉద్యమకారిణి అసాటా షకూర్ మీద పాట దాకా వచ్చి, చివర్లో ఆవిడ గొంతే స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంటే వినిపించి ఆ పాట ఆపుతాడు చూడండి, అది బ్యాండ్ నిర్ణయం కాదు, కామన్ నిర్ణయం. ఆ పాటకి ఆయన మూల్యం కూడా చెల్లించాడు. 2011లో వైట్‌హౌస్‌లో కవితలు చదవడానికి పిలిస్తే, పోలీసుని చంపిన కేసులో శిక్ష పడ్డ మనిషి మీద పాట రాసినవాణ్ణి ఎలా పిలుస్తారని గొడవ చేశారు. న్యూజెర్సీ పోలీసు సంఘం వాళ్ళు కూడా అభ్యంతరం చెప్పారు. బీట్ మీద ఎవరూ గొడవ చెయ్యరు, బూమ్‌బాక్స్ గారూ, మాట మీదే చేస్తారు.

బెజవాడ_బూమ్‌బాక్స్:
అక్కా ఇది గట్టి దెబ్బ. ఫోన్లో చిన్న బొమ్మగా చూసి దాటేశా, నిజం. ఇప్పుడే పెద్దది చేసి చూశా.
కానీ ఒకటి అడగనా? కాన్షస్ అంటున్నాం, ‘నాగ్ చంపా’లో గే ర్యాపర్ల మీద ఆ మాటలేంటి మరి? ‘ద లైట్’లో ఆడవాళ్ళని ఆ బూతుతో పిలవనని చెప్పిన మనిషి, ఇంకో పాటలో పింప్ (వేశ్యల దళారీ) వేషం కడతాడు. ఏది నిజం?

షికాగో_చలి:
పింప్ పాట వెటకారం తమ్ముడూ, లేడీ ర్యాపర్ ఎంసీ లైట్ వచ్చి వేషాన్ని మాటలతోనే కడిగేస్తుంది కదా. ‘నాగ్ చంపా’కి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. నాకు ఆ బీట్ చాలా ఇష్టం, ఆ ముక్క వచ్చినప్పుడల్లా వంటింట్లో పనున్నట్టు లేచి వెళ్ళిపోతా. రెండేళ్ళ తర్వాత ‘ఎలక్ట్రిక్ సర్కస్’ ఆల్బమ్‌లో ఒక స్నేహితుడు తను గే అని చెప్పుకున్న కథ పాడాడు, అంటే మనిషి కదిలాడు. అయినా ఈ రికార్డులో మరక మరకే. మొదటి పాట నుంచి చివరి పాట దాకా జ్ఞానం ఒలికిస్తాడని నేను చెప్పలేదుగా.

రాత్రిపూట_రేడియో:
గిప్పుడు మంచిగ మాట్లాడుకుంటున్నం. నాకైతే ఒక్కటే కంప్లైంట్, నిడివి. గంటా పావు దాటుతది, సీడీ నిండాలని నింపినట్టు. మూడు పాటలు తీసేస్తే 2005ల వచ్చిన కామన్ ‘బీ’ ఆల్బమ్ లెక్క చేతిల వట్టేది.

డోలు_మనవడు:
‘బీ’ మాట ఎత్తకు భాయ్, దానికి వేరే థ్రెడ్ కావాలి 😅 అది నీట్‌గా ఇస్త్రీ చేసిన చొక్కా. ఇది లుంగీ. నాకు లుంగీయే సుఖం.

ఇంటర్వెల్_తర్వాత:
లుంగీ పోలిక బాగుందండి, కానీ జారుతుంది కూడా 😂

బెజవాడ_బూమ్‌బాక్స్:
సరే అప్‌డేట్. ఇప్పుడే ఇంట్లో స్పీకర్లో పెట్టి మళ్ళీ విన్నా, ఈసారి లిరిక్స్ ముందు పెట్టుకుని. ‘ఎవర్ని నిలబెట్టినా’ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. డ్రమ్స్ ముందు, కామన్ తర్వాత, ఆ వరస మాత్రం మార్చను. చివర్లో కామన్ వాళ్ళ నాన్న మాట్లాడే ట్రాకు ఉంది కదా, ‘పాప్స్ ర్యాప్’, అది వస్తుంటే మా నాన్న పేపర్ దించి, ‘ఎవర్రా ఈ పెద్దాయన, హరికథ చెప్తున్నట్టున్నాడు’ అన్నారు. ర్యాప్ పాడేవాడి నాన్న, కొడుకు ఆల్బమ్‌లో ఆఖర్న ఈయనే మాట్లాడతాడు అని చెప్పా. ‘అయితే మొదట్నించీ పెట్టు’ అన్నారు. ఫేలా పాట నడుస్తోంది ఇప్పుడు, సౌండ్ తగ్గించమని అమ్మ కేకలేస్తోంది.