1898 నాటి ఫిలిప్పీన్స్ జెండాకి ఏ నీలం గుడ్డ కొనాలి?

అందరికీ నమస్కారం. మా తమ్ముడు దవావోలో డాక్టరీ చదువుతున్నాడు. వాడి కబుర్లు విని మా అమ్మాయి బడి ఎగ్జిబిషన్‌కి ఫిలిప్పీన్స్ జెండా పెడతానని పట్టుబట్టింది. ఇప్పటిది కాదు, స్పెయిన్ మీద తిరగబడ్డ రోజుల నాటిది. కుట్టేది మాత్రం నేనే అనుకోండి!

1898లో హాంకాంగ్‌లో ఉంటూ మార్సెలా అగోన్సిల్యో, ఆమె కూతురు లొరెన్సా, అక్కడి జాతీయ వీరుడు హొసే రిజాల్ మేనకోడలు డెల్ఫినా కలిసి దాన్ని కుట్టారు. జూన్ 12న ఫిలిప్పీన్స్‌లోని కవిట్ అనే ఊళ్లో, తిరుగుబాటు నాయకుడు అగినాల్డో ఇంటి దగ్గర స్వాతంత్ర్యం ప్రకటిస్తూ ఎగరేశారు. తెల్ల త్రికోణం, మూడు నక్షత్రాలు, ఎనిమిది కిరణాల సూర్యుడు, పైన నీలం, కింద ఎరుపు. అప్పటి సూర్యుడికి కళ్లూ ముక్కూ మూతీ కూడా ఉండేవి. మా అమ్మాయికి నచ్చింది అదే.

చిక్కంతా నీలం దగ్గరే. స్పెయిన్ తర్వాత ఆ దేశాన్ని ఏలిన అమెరికన్లు 1907లో ఆ జెండాని నిషేధించి, 1919లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ తర్వాత బజార్లో దొరికిన, అమెరికా జెండాకి వాడే ముదురు నీలం గుడ్డతోనే జనం కుట్టుకున్నారని చెబుతారు. 1985లో లేత నీలానికి మార్చారు, 1986లో మళ్లీ ముదురుకే వచ్చారు. 1998 చట్టం రాయల్ బ్లూ అంది. మరి మొదటిదాని రంగేది? ఒక్కో బొమ్మలో ఒక్కోలా ఉంది.

అక్కడ ఉండి చరిత్ర తెలిసినవాళ్లు, మ్యూజియంలో పాత జెండాలు చూసినవాళ్లు కాస్త చెప్పండి. మన బట్టల కొట్లో అడగాలంటే నెమలికంఠం రంగా, ఆకాశనీలమా? సూర్యుడి ముఖం దారంతో కుట్టాలా, రంగుతో గీసేస్తే సరిపోతుందా? ఎగ్జిబిషన్ వచ్చే శనివారమే.