పిట్టి ప్యాలెస్ అసలు ఎవరిది?

తీరుబడి: ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఆ భవనం చూసి వచ్చాను. లూకా పిట్టి అనే బ్యాంకరు 1458లో పని మొదలుపెట్టి, పూర్తి కాకుండానే 1472లో పోయాడు. 1549లో ఆ కుటుంబం దగ్గర కొన్నది ఆ నగరాన్ని ఏలిన కోసిమో మెడిచీ భార్య ఎలియొనోరా. పెంచింది, దాదాపు రెండు వందల ఏళ్లు ఏలింది మెడిచీలు. పేరు మాత్రం ఇంకా పిట్టిదేనా? గీసిందేమో బ్రూనెల్లెస్కీ అనే పేరున్న వాస్తుశిల్పి అని గైడు చెప్పింది.

రాతిపని: బ్రూనెల్లెస్కీ 1446లోనే చనిపోయాడండీ. పని మొదలైంది పన్నెండేళ్ల తర్వాత.

తీరుబడి: నమూనా ముందే గీసి ఉండవచ్చు. కళాకారుల జీవితచరిత్రల్లో వసారీ అలాగే రాశాడు కదా.

రాతిపని: వసారీ రాసింది పని మొదలైన దాదాపు వందేళ్లకు! కట్టడం నడిపించింది లూకా ఫాంచెల్లి అని చాలామంది చరిత్రకారుల మాట. పెద్ద పేరు దొరికితే మేస్త్రీ పేరు మింగేస్తారు. మా నాన్న తాపీమేస్త్రి. ఆయన కట్టిన కల్యాణమండపం శిలాఫలకం మీద కాంట్రాక్టరు పేరుంది, సున్నం వేసినాయన పేరు కూడా ఉంది. నాన్న పేరు లేదు.

పూలబాట: వెనక ఉన్న బోబోలీ తోట గురించి కూడా ఎవరైనా రాయండి.

తీరుబడి: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ నేను అడిగింది యజమాని గురించి. మధ్యలో ఈ 1446 ఎందుకు?

రాతిపని: తప్పు మాట అన్నది మీరు. ఆ గోడ దగ్గర నిలబడ్డారా? నేను నిలబడ్డాను. కింది వరుస రాళ్లు చెక్కకుండా గరుకుగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. అరచెయ్యి ఆనిస్తే గుచ్చుకుంటుంది. అది మెడిచీల డబ్బు కాదు. మొదట కట్టిన ఏడు కిటికీల వెడల్పు పిట్టి కాలానిదే.

తీరుబడి: మరి లోపలి ముంగిలి అమ్మనాటి అనే వాస్తుశిల్పి చేత కట్టించింది మెడిచీలే! 1737లో కొత్త పాలకులతో చేసుకున్న ఒప్పందంలో కళాఖండాలు ఫ్లోరెన్స్ దాటకూడదని షరతు పెట్టించింది ఆ వంశంలో చివరిదైన అన్నా మరియా లూయిసా. ఆమె లేకుంటే మీరు ఆ గోడలు చూసి వెనుదిరగాల్సిందే. అసలు సంగతి చెబుతాను. మా అమ్మావాళ్లు నలభై ఏళ్ల కిందట ఇల్లు కొన్నారు. కప్పు మార్చారు, నూతిలో పూడిక తీయించారు, ఏటా పన్ను కడుతున్నారు. ఊరు ఇంకా "కరణంగారి ఇల్లు" అంటుంది. అమ్మ వినీ వినీ అలిసిపోయింది.

నదీతీరం: ఈ మాట మొదటే రాసి ఉంటే బాగుండేది.

రాతిపని: ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవరు?

తీరుబడి: తెలియదు. అమ్మను అడుగుతాను.