అప్‌డేట్: ఎక్సెల్ చార్ట్‌లో ప్రోగ్రెస్ లైన్ జీరోకి పడిపోవడం - సాల్వ్ అయింది

రిప్లై ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. వారం వారం అయిన పని కలుపుకుంటూ ఒక లైన్, టార్గెట్ ఇంకో లైన్ పెడితే, ఈ వారం దాకా చక్కగా ఎక్కిన అసలు లైన్ ఆ తర్వాత ధబేల్‌మని జీరోకి పడిపోతోంది అని అడిగా కదా, దాని సంగతి.

పనిచేసింది ఎన్ఏ ఫంక్షన్ (సెల్‌లో 'విలువ లేదు' అనే #N/A ఎర్రర్ చూపించే ఫంక్షన్) సలహా. ఇంకా రాని వారాలకి ఇఫ్ ఫార్ములాలో ఖాళీ కొటేషన్లు పెడితే సెల్ మనకి ఖాళీగా కనిపిస్తుంది గానీ ఎక్సెల్ దాన్ని టెక్స్ట్ అనుకుని లైన్ చార్ట్‌లో జీరోగా గీసేస్తుందట, కొటేషన్ల బదులు ఎన్ఏ అని రాసి బ్రాకెట్లు పెట్టగానే, అంటే NA() అనగానే, లైన్ ఈ వారం దగ్గరే ఆగిపోయింది. షీట్‌లో ఆ ఎర్రర్లు వరసగా కనబడి చిరాకేస్తే కండిషనల్ ఫార్మాటింగ్‌తో (షరతుని బట్టి సెల్ రంగులు మార్చే ఆప్షన్) ఆ అక్షరాలకి తెల్ల రంగు వేసేయండి, నేనదే చేశా.

ఖాళీ సెల్స్‌ని గ్యాప్‌గా చూపించే సెట్టింగ్ మార్చమన్నారు, దానివల్ల ఏం తేడా రాలేదు, ఫార్ములా ఉన్న సెల్ నిజంగా ఖాళీ కాదు కదా. పివట్ టేబుల్ (డేటాని గుంపులుగా కలిపి చూపించే టేబుల్) అవసరమే పడలేదు, వారం వారం కలుపుకుంటూ పోవడానికి సమ్ ఫార్ములాలో రేంజ్ మొదటి సెల్‌కి మాత్రం, అది కదలకుండా, డాలర్ గుర్తులు పెట్టి కిందికి లాగితే చాలు.

ఇంకోటి, టార్గెట్ లైన్ వంకరగా వచ్చేది చూడండి, తేదీల మధ్య గ్యాప్ ఒకేలా లేకపోవడమే కారణం, కింద తేదీలుండే యాక్సిస్ టైప్ టెక్స్ట్ నుంచి డేట్‌కి మార్చా, తిన్నగా అయింది. టార్గెట్‌ని సెకండరీ యాక్సిస్ (చార్ట్ కుడి పక్కన వచ్చే రెండో స్కేల్) మీద మాత్రం పెట్టకండి, రెండు స్కేళ్లు వేరైపోయి వెనకబడ్డ ప్రాజెక్ట్ కూడా ముందున్నట్టు కనిపించొచ్చు.