చర్చ: అమెరికన్ సంగీతం యూరప్ ఆర్కెస్ట్రాల చేతికి వెళ్తే?

క్లారినెట్‌ప్రియ:
అమెరికన్ స్వరకర్తల కృతులను యూరప్ ఆర్కెస్ట్రాలు వాయించకూడదని అనను. ఆ రికార్డులే ప్రామాణికమన్నట్టు చెలామణీ చేయడమే నాకు నచ్చదు. గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’నే తీసుకోండి. 1924 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో పాల్ వైట్‌మన్ బృందం తొలిసారి వినిపించింది. మొదట్లో క్లారినెట్ వగలుపోతూ పైకి జారుతుంది కదా, ఆ జారుడు గెర్ష్విన్ రాసింది కాదు. ఆయన రాసింది మామూలు స్వరాల పరుగు. రిహార్సల్‌లో ఆ బృందం క్లారినెట్ వాద్యకారుడు రాస్ గోర్మన్ సరదాకి జార్చి వాయిస్తే, గెర్ష్విన్ అలాగే ఉంచమన్నాడు. కాగితం మీద లేని ఈ ఒడుపు లండన్‌కో బెర్లిన్‌కో ఎలా అబ్బుతుంది?

పాతరికార్డులు:
గోర్మన్ జాజ్ మనిషి. ఆ ఒడుపు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌కు మాత్రం పుట్టుకతో వచ్చిందా? అమెరికన్ స్వరకర్త కోప్లాండ్ చేత మూడో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద కృతి) రాయించి, 1946లో బోస్టన్‌లో తొలిసారి వినిపించిన కండక్టర్, అంటే ఆర్కెస్ట్రాను నడిపించే మనిషి, కుసెవిట్స్కీ రష్యాలో పుట్టాడు. ఫ్లోరెన్స్ ప్రైస్ మొదటి సింఫనీకి 1933లో షికాగోలో కండక్టర్‌గా నిలిచిన ఫ్రెడరిక్ స్టాక్ జర్మనీ నుంచి వచ్చాడు. ఇక కోప్లాండ్ ఆ మూడో సింఫనీని 1958లో తానే కండక్టరై లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాడు. స్వరకర్తకు లేని అభ్యంతరం మనకెందుకు?

క్లారినెట్‌ప్రియ:
లండన్‌లో ఖర్చు తక్కువండీ. అంతకు మించి అందులో వెతకాల్సిందేమీ లేదు.

రాగమాలిక:
ఖర్చు మాట నిజమే, అక్కడే ఆగిపోతే ఎలా? అమెరికా వాద్యకారుల సంఘం 1942 నుంచి 1944 దాకా, మళ్లీ 1948లో, రికార్డింగులకు వాయించడమే మానేసింది. ఆ తరువాత కూడా బేతోవెన్ అమ్ముడుపోతుంటే రాయ్ హారిస్ లాంటి అమెరికన్ స్వరకర్త మీద డబ్బు పెట్టే కంపెనీలు ఎన్ని? హారిస్ ఏడో, తొమ్మిదో సింఫనీలను నేను మొదట విన్నది ఉక్రెయిన్ జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రా నాక్సోస్ అనే రికార్డు కంపెనీకి చేసిన రికార్డులో. కండక్టర్ థియోడర్ కుచార్. అమెరికన్ స్వరకర్తలు కూడా యూరప్ చెవుల కోసం ఎదురుచూసిన వాళ్లే. 1931లో ఐవ్స్ తన సొంత డబ్బుతో ‘త్రీ ప్లేసెస్ ఇన్ న్యూ ఇంగ్లండ్’ను ప్యారిస్‌లో వినిపించే ఏర్పాటు చేయించాడు. బార్బర్ మొదటి సింఫనీ 1936లో రోమ్‌లోనే వెలుగు చూసింది. మరుసటి ఏడాది జాల్జ్‌బర్గ్ ఉత్సవంలో వియన్నా ఫిల్హార్మోనిక్ వాయించింది.
మన సంగతే చూడండి. త్యాగరాజ కృతులను తెలుగు రాని గాయకులు తరతరాలుగా నిలబెట్టారు. ఉచ్చారణ మీద గొణుక్కుంటూనే వింటున్నాం.

క్లారినెట్‌ప్రియ:
గొణుక్కుంటున్నాం అన్నారు చూశారా, నేను చేస్తున్నదీ అదే.

పాతరికార్డులు:
అయితే ఒక పరీక్ష. విలియం డాసన్ ‘నీగ్రో ఫోక్ సింఫనీ’. 1934లో ఫిలడెల్ఫియాలో కండక్టర్ స్టొకోవ్స్కీ తొలిసారి వినిపించినప్పుడు మధ్యలోనే చప్పట్లు మోగాయి, తరువాత దశాబ్దాల పాటు పెద్దగా పట్టించుకున్నవారు లేరు. వియన్నా రేడియో ఆర్కెస్ట్రా కండక్టర్ ఆర్థర్ ఫాగన్‌తో చేసిన రికార్డు 2020లో వచ్చింది. దాన్నీ, 1963లో స్టొకోవ్స్కీ న్యూయార్క్‌లో చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి రెండో భాగం వినండి.

క్లారినెట్‌ప్రియ:
విన్నాను. నా ఓటు 1963 దానికే. వియన్నా వాళ్లు మరీ జాగ్రత్తగా వాయించారు.

పాతరికార్డులు:
స్టొకోవ్స్కీ పుట్టింది లండన్‌లోనండీ.

క్లారినెట్‌ప్రియ:
చేతిలో బెత్తం ఉన్న మనిషి సంగతి నేను ఎత్తలేదు. వాయించింది ఆయన 1962లో న్యూయార్క్‌లో స్థాపించిన ఆర్కెస్ట్రా. ఇక గెర్ష్విన్ క్లారినెట్‌కు గోర్మన్‌తో సరితూగే యూరప్ వాద్యకారుడు ఎవరో చెప్పండి, ఈ రాత్రికే వింటాను.