వాకౌట్ చేసినవారిని తటస్థులు అనవచ్చా?

చర్చకు పెట్టిన ప్రశ్న

బిల్లు నచ్చకపోయినా దాన్ని ఓడించే ఉద్దేశం లేని పార్టీలు ఓటింగ్‌కు ముందు సభ నుంచి వాకౌట్ చేస్తుంటాయి. ఏ పక్షమూ వహించకుండా ఉండే హక్కు సభ్యుడికి ఉంది కాబట్టి ఇందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం. మీరేమంటారు?

మొదటి స్పందన

హక్కును నేనూ కాదనను. లోక్‌సభలో ఆకుపచ్చ, ఎరుపు బటన్లతో పాటు తటస్థుల కోసం పసుపు బటన్ కూడా ఉంది. కానీ రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సాధారణ బిల్లు భవితవ్యాన్ని తేల్చేది హాజరై ఓటు వేసినవారిలో మెజారిటీయే కనుక, బయటికి వెళ్లినవారు ఎందరైతే నెగ్గడానికి కావలసిన సంఖ్య అందులో సుమారు సగం మేరకు తగ్గిపోతుంది. 2012 డిసెంబరులో చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడులకు వ్యతిరేకంగా ప్రతిపక్షం తెచ్చిన తీర్మానం లోక్‌సభలో 218–253 ఓట్లతో వీగిపోయింది. ఆ విధానాన్ని సభలోనే విమర్శించిన సమాజ్‌వాదీ, బహుజన్ సమాజ్ పార్టీలు ఓటింగ్ వేళకు వెళ్లిపోయాయి. వారి సంఖ్య నలభై దాటుతుంది, తేడా 35 మాత్రమే. ప్రభుత్వం గట్టెక్కింది వారి వల్లనే కదా!

రాజ్యాంగ సవరణల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మాజీ సంస్థానాధీశులకు ఇచ్చే రాజభరణాల రద్దు బిల్లుకు 1970 సెప్టెంబరు 5న రాజ్యసభలో అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు పడ్డాయి. ఓటు వేసిన 224 మందిలో మూడింట రెండు వంతులంటే 149.33 కాబట్టి 150 మంది కావాలి, బిల్లు వీగిపోయింది. వ్యతిరేకించినవారిలో ఏ ఒక్కరు మొహమాటపడి లేచి వెళ్లినా, 223 మందికి 149 ఓట్లు సరిపోయి బిల్లు నెగ్గేది.

ప్రశ్న వేసినవారి జవాబు

ఈ లెక్క ఒప్పుకుంటాను. అయితే మొత్తం సభ్యుల సంఖ్యను బట్టి తేలే చోట, ఉదాహరణకు రాష్ట్రపతి అభిశంసనలో, గైర్హాజరు వ్యతిరేక ఓటుతో సమానం కదా? పైగా పార్టీ మాట మనస్సాక్షికి విరుద్ధమైనప్పుడు సభ్యుడికి మౌనమే మిగులుతుంది.

రెండో స్పందన

అభిశంసన విషయంలో మీరన్నది నిజమే. మనస్సాక్షి మాటే నిలవదండీ. పార్టీ ఫిరాయింపులను అరికట్టే రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం, విప్‌ను (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) ధిక్కరించి ఓటు వేసినా, వేయకుండా ఊరుకున్నా, పార్టీ 15 రోజుల్లోగా మన్నించకపోతే సభ్యత్వానికే ముప్పు. 1992లో కిహోటో హొల్లొహాన్ కేసులో ఆ షెడ్యూలును సమర్థించిన సుప్రీంకోర్టు, ప్రభుత్వ మనుగడకూ కీలక విధానాలకూ సంబంధించిన ఓటింగ్‌కే దాన్ని పరిమితం చేయాలని సూచించినా, పార్టీలు మామూలు బిల్లులకు కూడా విప్ జారీ చేస్తూనే ఉన్నాయి. కాబట్టి వాకౌట్ పార్టీ నిర్ణయమే. ఎవరికి మేలు జరుగుతుందో లెక్క చూసుకునే వెళ్తున్నారు గనుక, ఆ ఫలితానికి జవాబు కూడా వారే చెప్పాలి.